పిత్తాశయంలో రాళ్లు: ఆవు ఈనేలోపు అమ్మకు ఆపరేషన్ చేయించవచ్చా?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 52 ఏళ్లు. షుగరుకు మాత్రలు వాడుతున్నారు. చిత్తూరు దగ్గర పల్లెలో ఉంటూ రెండు ఆవుల పాలు పితికి కేంద్రానికి పోస్తారు. ఆరు నెలల్లో మూడుసార్లు రాత్రిపూట కడుపునొప్పి వచ్చింది. మూడోసారి స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో, అంటే కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచిలో (గాల్ బ్లాడర్), చాలా రాళ్లున్నాయని, పెద్దది 11 మిల్లీమీటర్లని తేలింది. సర్జన్ తీసేద్దామన్నారు. మీ వీధిలో పెద్దాయన ఆకుపసరుతో కరిగిపోతాయన్నారు. అమ్మగారేమో చూడి ఆవు రెండు నెలల్లో ఈనుతుంది, దూడ కాస్త గట్టిపడ్డాక చూద్దాం అంటున్నారు. పిత్తాశయం తీసేస్తే అరుగుదల పోతుందా, ఎన్నాళ్లకు కోలుకుంటారు, అలిపిరి మెట్లెక్కే మొక్కు ఎప్పుడు తీర్చుకోవచ్చు అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా సర్జికల్ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా పిత్తాశయాన్ని కూడా ఆరేళ్ల కిందట తీసేశారు. కాబట్టి మంచం పక్కన నిలబడి చూసిందీ, మంచం మీద పడుకుని పడిందీ రెండూ చెబుతాను. ముందే ఒక మాట: అమ్మగారికి వస్తున్నది నిజంగా రాళ్ల నొప్పే అయితే, ఆవు ఈనకముందే చేయించండి.

ఆ "అయితే" దగ్గర కాసేపు ఆగాలి. రాళ్లుండటం వేరు, రాళ్లు బాధపెట్టడం వేరు. ఏదో పనికి స్కానింగ్ తీయించుకుంటే రాళ్లు బయటపడేవాళ్లు ఎంతోమంది. నొప్పి లేనివాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. ఏడాదికి నూటికి ఇద్దరు ముగ్గురికి మాత్రమే బాధ మొదలవుతుంది. అలాంటివాళ్లను సర్జన్లు సాధారణంగా కదిలించరు. రాయి మూడు సెంటీమీటర్లు దాటినా, పిత్తాశయం గోడ సున్నం పట్టినట్లు గట్టిపడినా, లోపల సెంటీమీటరుకు మించిన పాలిప్ (మొటిమలాంటి కండ) ఉన్నా, అప్పుడు నొప్పి లేకపోయినా తీయమంటారు. షుగరు ఉంది కాబట్టి తీసేయాల్సిందే అని ఒకప్పుడు అనేవాళ్లు. ఇప్పుడు ఆ ఒక్క కారణంతో తీయడం లేదు.

రాళ్ల నొప్పికి ఒక తీరు ఉంటుంది. అమ్మగారి పక్కన కూర్చుని నిదానంగా అడగండి. కుడివైపు పక్కటెముకల కిందో, రొమ్ము కింద గుంటలోనో మొదలవుతుంది. వీపులో కుడి రెక్క దాకా పాకుతుంది. పెళ్లి భోజనమో, నాటుకోడి పులుసో తిన్న గంటా రెండు గంటలకు వస్తుంది, లేదా అర్ధరాత్రి నిద్రలోంచి లేపుతుంది. మెలిపెట్టి వదిలి మళ్లీ మెలిపెట్టడం కాకుండా, ఒకసారి పైకి ఎక్కాక అదే ఎత్తున నిలబడుతుంది. కూర్చోలేరు, పడుకోలేరు. వాంతి అయినా తేలికపడదు. అరగంట నుంచి నాలుగైదు గంటలు ఉండి, ఏమీ జరగనట్లు వెళ్లిపోతుంది. మర్నాడు మనిషి మామూలుగా పనిలోకి దిగుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు గ్యాస్ అని కొట్టిపారేస్తారు.

రోజూ తేన్పులు, పుల్లని నీళ్లు గొంతులోకి రావడం, తిన్నాక కడుపు ఉబ్బరం మాత్రమే ఉంటే దానికి రాళ్లను నిందించడం కష్టం. ఆ బాధ పిత్తాశయం తీసినా మిగిలిపోతుంది. ఒక పెద్దావిడ ఆపరేషన్ అయిన మూడు నెలలకు వార్డుకు వచ్చి, "రాళ్లు తీశారు గానీ తేన్పులు తీయలేదే" అని నన్ను నిలదీసింది. ఆమెకు ఉన్నదల్లా తేన్పులే. రాళ్లు ఊరికే పడి ఉన్నాయి. ఆపరేషన్‌తో ఏ బాధ పోవాలని మీరు కోరుకుంటున్నారో అది ముందే సర్జన్‌తో చెప్పి, అది పోతుందా అని అడగండి. చాలా నిరాశలు అక్కడే తప్పుతాయి.

ఇంకొకటి. షుగరున్న 52 ఏళ్ల మనిషికి రొమ్ము కింద నొప్పి, చెమటలు వచ్చాయంటే మొదట ఈసీజీ తీయించాలి. రాళ్లున్నాయని తెలిసినా సరే. గుండెనొప్పి కూడా అదే చోట, అదే వేళకు వస్తుంది. ఇది నేను కళ్లారా చూసి చెబుతున్న మాట.

ఇక నా సంగతి. మేనల్లుడి పెళ్లి చంద్రగిరిలో. రాత్రి ఒంటిగంటకు మొదలైంది. ఇన్నేళ్లు ఎంతమందికో ఈ నొప్పిని గుర్తుపట్టి స్కానింగుకు పంపినదాన్ని, నాకు వచ్చేసరికి వాము నమిలి, గ్యాస్ మందు తాగి, తెల్లవారేదాకా వరండాలో పచార్లు చేశాను. స్కానింగులో రాళ్లున్నాయని తేలింది. అమ్మాయి పరీక్షలు, తర్వాత ఇంటి పైకప్పు పని, తర్వాత ఎండాకాలం, ఇలా పద్నాలుగు నెలలు వాయిదా వేశాను. మూడోసారి నొప్పితో పాటు వణుకుతో జ్వరం వచ్చింది. ఆరు గంటలైనా తగ్గలేదు. పిత్తాశయం వాచి, చుట్టుపక్కల పేగుకూ కొవ్వుకూ అతుక్కుపోయింది. మామూలుగా గంటలోపు అయ్యే పని రెండున్నర గంటలు పట్టింది. పక్క నుంచి ఒక గొట్టం పెట్టి నాలుగు రోజులు ఉంచారు. అందులో చేసినవాళ్ల తప్పేమీ లేదు. ఆలస్యం నాది.

ఒకసారి నొప్పి మొదలైనవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆవు ఈనిన మర్నాడే రావచ్చు. 11 మిల్లీమీటర్లు అంటే చిన్నదే కదా అనుకోకండి. నిజానికి చిన్న రాళ్లే ఎక్కువ టక్కరివి. పెద్ద రాయి సంచిలోనే ఉండిపోతుంది. మిరియం గింజంతవి జారి పిత్తనాళంలో, అంటే పైత్యరసం పేగులోకి పోయే గొట్టంలో, పడితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం చిక్కటి టీ రంగులో వస్తుంది, మలం తెల్లబడుతుంది. ఆ నాళం చివర క్లోమగ్రంథి (ప్యాంక్రియాస్) నాళంతో కలిసే చోట ఇరుక్కుంటే క్లోమం వాస్తుంది. దాంట్లో కొందరు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. అమ్మగారి రిపోర్టులో "చాలా రాళ్లు" అన్న మాటే నన్ను తొందరపెడుతున్నది.

ఆకుపసరు సంగతి. మన వైపు కొండపిండి ఆకు, అరటి దవ్వ రసం అందరూ చెప్పేది మూత్రపిండాల్లో రాళ్లకు. అవి ఎంత పనిచేస్తాయన్న వాదన నాకెందుకు గానీ, ఆ రాయి బయటికి పోవడానికి మూత్రం దారి ఉంది. పిత్తాశయంలో రాయికి ఆ దారి లేదు. అది కదిలితే పోయేది పిత్తనాళంలోకే, అంటే ప్రమాదంలోకే. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే మర్నాడు ఆకుపచ్చ ఉండలు పడతాయని వీడియోలు తిరుగుతున్నాయి. ఆ ఉండలు కడుపులో నూనె, నిమ్మరసం కలిసి తయారైన సబ్బు ముద్దలు. తర్వాత స్కానింగ్ తీస్తే రాళ్లు ఉన్నచోటే ఉంటాయి. అల్లోపతిలోనూ కరిగించే మాత్ర ఉంది, అర్సోడిఆక్సీకోలిక్ ఆసిడ్ అని. సున్నం పట్టని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే, అదీ నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్లు వాడాలి. ఆపాక అయిదేళ్లలో సగంమందికి మళ్లీ పుడతాయి. మూత్రపిండాల రాళ్లలాగా బయటి నుంచి పొడి చేయడం కూడా ఇక్కడ వాడుకలో లేదు.

రాళ్లు మాత్రం తీసి సంచి ఉంచకూడదా అని చాలామంది అడుగుతారు. రాళ్లు పుట్టించిన సంచి మళ్లీ పుట్టిస్తుంది. ఈ పని మొదట 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ చేశాడు. రాళ్లున్నాయని కాదు, రాళ్లను తయారు చేస్తున్నదని సంచినే తీయాలన్నది ఆయన వాదన. అదే ఇప్పటికీ నిలిచింది.

అరుగుదల గురించి అమ్మగారికి ఇలా చెప్పండి. పైత్యరసం తయారుచేసేది కాలేయం, రోజుకు ముప్పావు లీటరు దాకా. పిత్తాశయం దాన్ని కొంచెం పట్టి ఉంచే గురిగి మాత్రమే. అందులో పట్టేది చిన్న టీ గ్లాసులో సగం. భోజనం చేసినప్పుడు ఆ గురిగి వంచి పోస్తుంది. గురిగి తీసేస్తే రసం ఆగదు, రోజంతా చుక్కచుక్కగా పేగులోకి పోతూనే ఉంటుంది. ఒకేసారి నెయ్యి కారే భోజనం చేస్తే మొదటి వారాల్లో కొంచెం తడబడుతుంది. పదిమందిలో ఒకరికి తిన్న వెంటనే విరేచనానికి వెళ్లాల్సి రావడం కొన్ని వారాలు, ఎప్పుడో ఒకరికి నెలలు ఉంటుంది. దానికి పొడి మందు ఉంది, అడగాలి. మిగిలినవాళ్లకు తేడా తెలియదు. నేను ఇప్పుడు రాగిసంగటి, వేరుశనగ ఊరుబిండి, వారానికి ఒకరోజు మాంసం అన్నీ తింటున్నాను.

ఎక్కడ చేయించాలి అన్నదానికి నా అభిప్రాయం. మీకు వేలూరు గంట, తిరుపతి రెండు గంటల దూరం. మీ ఊళ్లోనే ఈ ఆపరేషన్ వారం వారం చేసే సర్జన్ ఉంటే, ఇలాంటి మామూలు కేసుకు భవనం చూసి దూరం పోవాల్సిన పని లేదు. రెండు ప్రశ్నలు అడగండి: మీరు నెలకు ఎన్ని చేస్తారు, కష్టమైతే కోసి చేయాల్సి వస్తే ఇక్కడే చేస్తారా. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు చిరాకు పడడు. ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, మొదలుపెట్టి లోపల అతుకులు చూసి కోతకు మారడం ఓటమి కాదు, అది జాగ్రత్త. పిత్తనాళానికి దెబ్బ తగలడం అనే పెద్ద ప్రమాదం వెయ్యిలో ముగ్గురు నలుగురికి జరుగుతుంది. సంతకం పెట్టించుకునే కాగితంలో ఉన్నది అదే. భయపెట్టడానికి కాదు, తెలిసి పెట్టాలని రాస్తున్నాను.

నాళంలో రాయి ఉందన్న అనుమానం వస్తే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు పిత్తనాళాలను చూపించే ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్ఐ స్కాన్ తీస్తారు. ఉంటే ఎండోస్కోపీతో నోటి గుండా పోయి నాళంలో రాయి తీసే ఈఆర్‌సీపీ ముందు చేస్తారు. దానికి తిరుపతి స్విమ్స్ గానీ, వేలూరు సీఎంసీ గానీ, అలాంటి విభాగం ఉన్న చోటికి పోవాలి. ఈఆర్‌సీపీలో ప్లాస్టిక్ స్టెంట్ (నాళం తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేస్తే ఎప్పుడు తీయాలో తేదీ రాయించుకుని గోడ క్యాలెండర్‌లో గీత కొట్టుకోండి. సాధారణంగా మూడు నెలల్లోపే. నొప్పి పోయిందని మరిచిపోయి, ఏడాది తర్వాత స్టెంట్ మూసుకుపోయి చలిజ్వరంతో వచ్చినవాళ్లను చూశాను.

రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, కింద ఏ ఆసుపత్రిలో జరుగుతుందో ముందే ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసే వైద్యమిత్ర కౌంటరులో అడగండి. చేరాక అడిగితే కాగితాలు వెనకా ముందూ అవుతాయి.

ఆపరేషన్‌కు ముందు చూసుకోవలసినవి ఎక్కువ లేవు, కానీ షుగరు మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి మత్తు డాక్టర్‌కు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూడు రోజుల ముందే ఆపమంటారు. రక్తం పల్చబడే మందుల సంగతీ వాళ్లే చెప్పాలి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ముందురోజు తేలికగా తిని, చెప్పిన వేళ నుంచి ఏమీ తినకూడదు. "ఒక్క ఇడ్లీ కదా" అని దాచి తినిపిస్తే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నగల దగ్గర ఆడవాళ్లు బాధపడతారు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక సరే, పుస్తెలు తీయమంటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కరెంటు పరికరంతో రక్తనాళాలు కాలుస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. మా వార్డులో పసుపుకొమ్ముకు దారం కట్టి, సెలైన్ ఎక్కని చేతి మణికట్టుకు కట్టేవాళ్లం. ఇంటి నుంచే ఒక కొమ్ము తీసుకెళ్లండి. మీ అమ్మగారు ఆ సంగతి పైకి అడగరు.

నేను వార్డులో చేరిన కొత్తలో ఈ ఆపరేషన్ అంటే కుడి పక్కటెముకల కింద జానెడు కోత. పది రోజులు వార్డులో ఉండేవాళ్లు, దగ్గలేక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది. 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి ల్యాప్రోస్కోపీతో చేశారు. అది మా దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు నాలుగు రంధ్రాలు. బొడ్డు దగ్గరది సెంటీమీటరు, మిగిలినవి ఇంకా చిన్నవి. ఉదయం చేస్తే సాయంత్రానికి నడిపిస్తారు, అంతా సవ్యంగా ఉంటే మర్నాడో ఆ మర్నాడో ఇంటికి పంపుతారు.

మెలకువ వచ్చాక అమ్మగారు కడుపు కంటే ముందు కుడి భుజం నొప్పి అంటారు. భయపడకండి. లోపల చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మిగిలిన కొంచెం గాలి ఉదరవితానాన్ని (కడుపుకూ ఛాతీకీ మధ్య కండరపు పొర) రాపాడితే, ఆ నరం దారిలో నొప్పి భుజానికి తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది. దానికి మాత్ర కంటే నడకే మందు. మంచం దిగేటప్పుడు నిటారుగా లేవకూడదు. ఎడమవైపుకు దొర్లి, కాళ్లు కిందికి వేలాడదీసి, చేత్తో పరుపును నొక్కి లేవాలి. దగ్గు వస్తే మడిచిన దుప్పటినో దిండునో కడుపు మీద గట్టిగా అదిమిపెట్టి దగ్గమనండి. ఈ రెండూ ఆపరేషన్‌కు ముందురోజే ఇంట్లో ఒకసారి చేయించండి. ఆ రోజు నేర్పితే మత్తులో బుర్రకెక్కదు. నొప్పి మాత్రలు భరించలేనంత అయ్యాక వేసుకోవడం కాకుండా, మొదటి మూడు రోజులు చెప్పిన వేళకు వేసుకోవాలి.

ఇంటికి వచ్చాక మీరు పోరాడవలసింది చుట్టాలతో. నీళ్లు తాగితే పుండు చీము పడుతుందని, పప్పు తింటే చీము పడుతుందని, నెల రోజులు చారన్నం తప్ప వద్దని వస్తారు. నీళ్లు తాగకపోతే మలబద్ధకం వస్తుంది. ముక్కితే బొడ్డు దగ్గర కుట్టు మీద భారం పడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప లేకపోతే కోత మానడానికి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి రెండు రోజులు ఇడ్లీ, మజ్జిగన్నం, పలుచటి పప్పుచారు. తర్వాత రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా మామూలు తిండి. వేపుళ్లు, నెయ్యి, మాంసం రెండు మూడు వారాల తర్వాత కొద్దికొద్దిగా కలిపి చూడాలి. ఏది పడటం లేదో ఒంటికే తెలుస్తుంది. జీవితాంతం పథ్యం అక్కరలేదు. షుగరు పథ్యం ఎలాగూ ఉంది, అది వేరే లెక్క.

రెండు రోజుల తర్వాత స్నానం చేయవచ్చు, కట్టు గురించి సర్జన్ వేరుగా చెప్పి ఉంటే తప్ప. పసుపు, కొబ్బరినూనె, పొడి మందులు కోత మీద పెట్టనివ్వకండి. బొడ్డు రంధ్రం చివరిగా మానుతుంది, కాస్త నీరూరవచ్చు. షుగరున్నవాళ్లలో అక్కడే చీము పడుతుంది కాబట్టి రోజూ అద్దంలో చూడాలి.

కోలుకోవడంలో ఒకే కొలత నేను నమ్ముతాను: ఇవాళ నిన్నటి కంటే మెరుగ్గా ఉండాలి. మూడోరోజు రెండోరోజు కంటే ఎక్కువ నొప్పి, కడుపు ఉబ్బి గట్టిపడటం, ఆగని వాంతులు, జ్వరం, కళ్లు పచ్చబడటం, కోత నుంచి ఆకుపచ్చ పసుపు కలిసిన నీళ్లు కారడం, పిక్క వాచి నొప్పి, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా సోమవారం దాకా ఆగకుండా చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి. పైత్యరసం లోపల కారడం సాధారణంగా మొదటి వారంలోనే బయటపడుతుంది. త్వరగా చూస్తే సరిచేయవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం, ఆవులు. ఇంట్లో పనులకు వారం పది రోజులు చాలు. బండి మీద వెనక కూర్చుని పల్లె దారుల్లో పోవడానికి కూడా అంతే. కానీ నీళ్ల బిందె, పాల క్యాను, గడ్డి మోపు నాలుగు నుంచి ఆరు వారాలు ముట్టకూడదు. తొందరపడి ఎత్తితే బొడ్డు దగ్గర పేగు జారుతుంది. అప్పుడు ఇంకో ఆపరేషన్. గొంతుక్కూర్చుని పాలు పితకడం మూడో వారంలో మొదలుపెట్టవచ్చు, తన్నే ఆవు కాకపోతే. మన ఆడవాళ్లతో కష్టమేమిటంటే నొప్పి తగ్గిన ఆరోరోజే పేడ తీయడానికి కొట్టంలోకి పోతారు. నాలుగు కోతలూ మానినట్లే కనిపిస్తాయి, లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అందుకని తేదీ కోసం సర్జన్ దగ్గరికి పోయే ముందు, ఆరు వారాలు పాలు పితికేదెవరు, క్యాను మోసేదెవరు అన్నది తేల్చుకోండి. మీరు సెలవు పెడతారా, పిన్నమ్మగారు వస్తారా, కూలికి మనిషిని పెడతారా. ఇప్పుడు చూడి ఆవు పాలు ఆపేసి ఉంటుంది, పితకవలసింది ఒక్కటే. రెండు వారాల్లో ఆపరేషన్ అయితే ఆవు ఈనే నాటికి అమ్మగారికి ఆరు వారాలు నిండుతాయి. ఈనాక అంటే దూడ, జున్నుపాలు, పూటకు పూట పెరిగే పాలు, ఆ ఒత్తిడిలో ఆరు నెలల దాకా ఆమె కదలరు. ఈ లెక్క ఆమెకు వేళ్ల మీద పెట్టి చెప్పండి, వింటారు. పైత్యరసం గురించి చెబితే వినకపోవచ్చు.

తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మందికి "పాత వాపు" అనే ఉంటుంది, అందుకే ఎవరూ తెచ్చుకోరు. మీరు తెచ్చుకుని సర్జన్‌కు చూపించండి. ఎప్పుడో ఒకరికి అందులోనే క్యాన్సర్ బయటపడుతుంది. రాళ్లను చిన్న సీసాలో పోసి ఇస్తారు. నావి వార్డులో వాడే వంపు పళ్లెంలో కడుగుతుంటే చింతగింజ రంగులో, పలకలు పలకలుగా, ఒకదానికొకటి అరిగి నున్నబడి, గలగలమన్నాయి. పదిహేడు. మా ఆయన వాటిని ఏడాది పాటు టీవీ పక్కన పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించారు. నేను విసిగిపోయి పారేశాను.

మొక్కు విషయం. అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 గానీ, నిటారుగా ఎక్కాలి, కాబట్టి అలిపిరే నయం. ఆరు వారాలు నిండాక, రోజూ ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లు ఆయాసం లేకుండా నడుస్తుంటే ఎక్కవచ్చు. సామాను అలిపిరిలోనే అప్పగించండి, కొండ మీదికి దేవస్థానం వాళ్లే ఉచితంగా చేరుస్తారు. మోకాలి మెట్టు దగ్గర మోకాళ్ల మీద ఎక్కడం, అంగప్రదక్షిణం ఈసారికి వద్దు. తెల్లవారుజామున బయలుదేరండి, షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఎక్కనివ్వకండి. దిగేటప్పుడు బస్సు. తలనీలాలకు మాత్రం ఆరు వారాలు ఆగనక్కరలేదు. లడ్డూ అడుగుతారని తెలుసు. అందులో నెయ్యి ఎంతో, చక్కెర ఎంతో మనకు తెలియంది కాదు. నిమ్మకాయంత ముక్క కళ్లకద్దుకుని తింటే పిత్తాశయం లేనందుకు ఏమీ కాదు, షుగరు చూసుకోండి చాలు.

స్కానింగ్ రిపోర్టులో సీబీడీ (పిత్తనాళం) అన్న చోట ఎన్ని మిల్లీమీటర్లు రాశారో, రక్తపరీక్షలో బిలిరుబిన్ (పెరిగితే కళ్లు పచ్చబడేది) ఎంతో చూసి రాయండి. నాళం ఆరు మిల్లీమీటర్లు దాటినా, బిలిరుబిన్ పెరిగినా పైన చెప్పిన ఎంఆర్‌సీపీ సంగతి ముందు తేల్చుకోవాలి. రెండూ మామూలుగా ఉంటే ఈ వారమే తేదీ అడగండి.